జెర్బిల్ ఇంటికొచ్చాక చెవికెక్కించుకోకూడని సలహాలు

జడ్చర్ల హైదరాబాద్‌కు 80 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. పట్నంలో అమ్మే చిట్టి జంతువు ఏదైనా పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం లోపే ఇక్కడికి చేరుతుంది. హాస్టల్ ఖాళీ చేస్తూ ఒకరు స్నేహితుడికి అప్పజెప్పిన పంజరం, బదిలీ మీద వెళ్లే కుటుంబం పక్కింటికి ఇచ్చిపోయిన పెట్టె, పుట్టినరోజు కానుకగా వచ్చి పిల్లలకు మొహం మొత్తిన ప్రాణి... ఎలుకను పోలిన చిట్టి జంతువు జెర్బిల్ కొత్త ఇల్లు చేరేది ఎక్కువగా ఇట్లాంటి దారుల్లోనే. దాని వయసెంత, ఆడదా మగదా, ఇన్నాళ్లూ ఏం తిన్నది, ఎప్పుడైనా జబ్బు చేసిందా అని అడిగితే ఇచ్చినవాళ్ల దగ్గర జవాబుండదు.

జవాబు లేని చోట సలహాలకు కొదవుండదు. ఇంటి పెద్దలు చెబుతారు, కుక్కలను పెంచే మిత్రులు చెబుతారు, కోళ్లు సాకినవాళ్లు చెబుతారు. అందరూ మంచి మనసుతోనే చెబుతారు. కానీ ఆ సలహాల్లో చాలావాటి వెనక ఒకే పొరపాటు ఉంటుంది: తెలియనిదాన్ని తెలిసినట్టే అనుకోవడం. పుట్టుపూర్వాలు తెలియని జంతువును తెచ్చుకున్నవాళ్లు చేయాల్సింది దానికి వ్యతిరేకం. తెలియదని ఒప్పుకుని, ఆ జంతువు ఒళ్లు, నడక, అలవాట్లు ఏం చెబుతున్నాయో కనిపెట్టి చూడాలి. ఆ దృష్టితో, మన ప్రాంతంలో వినిపించే సలహాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

1. "ఏ ఎలుకైతే ఏందన్నా, చెలకల దొరికిందైనా పెంచుకోవచ్చు"

మొదట తేల్చుకోవాల్సింది ఇదే. ఇళ్లలో పెంచే జెర్బిల్ మంగోలియా జాతిది. 1935లో అమూర్ నది పరీవాహక ప్రాంతంలో పట్టి జపాన్ ప్రయోగశాలలకు తీసుకెళ్లిన 20 జంటలతో దాని పెంపకం మొదలైంది. 1954లో వాటి సంతతి నుంచి 11 జంటలను విక్టర్ ష్వెంట్కర్ అనే ఆయన అమెరికాకు తెప్పించారు. లోకంలో ఇప్పుడు పెంపుడు జంతువులుగా ఉన్న జెర్బిల్స్‌లో చాలామటుకు ఆ కొద్ది జంటల వారసులే. తరతరాలుగా మనిషి చేతుల్లో పెరిగిన జాతి ఇది.

మన పాలమూరు చెలకల్లో, గట్ల పక్కన బొరియలు తవ్వుకుని బతికే జెర్బిల్ వేరే ఉంది. శాస్త్రజ్ఞులు దాన్ని టటెరా ఇండికా అంటారు. పల్లి చేలల్లో, జొన్న చేలల్లో రాత్రిపూట తిరుగుతుంది. పొలం దున్నేటప్పుడు బొరియ బయటపడి, పిల్లలు దాన్ని డబ్బాలో వేసి ఇంటికి తెస్తుంటారు. అది అడవి జంతువు. చేతికి మచ్చిక కాదు, కరుస్తుంది. అంతకన్నా పెద్ద సంగతి, మన దేశంలో ప్లేగు క్రిమిని అడవిలో, పొలాల్లో నిలిపి ఉంచే జంతువుల్లో ఇది ముఖ్యమైనది. ప్లేగు మనుషులకు చేరేది ఎక్కువగా ఎలుకల ఒంటిమీది ఫ్లీ అనే రక్తం పీల్చే చిట్టి పురుగుల ద్వారా. 1994లో సూరత్‌లో పుట్టిన ప్లేగు భయం దేశమంతా ఎట్లా పాకిందో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మన జిల్లాలో ఇప్పుడు ప్లేగు ఉందని చెప్పడం లేదు. పొలం జంతువును పిల్లల పడకగదిలోకి తేవొద్దని చెబుతున్నాను.

తేడా గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. మంగోలియా జెర్బిల్ ఒళ్లు జానెడుకు చాలా తక్కువ, 10 నుంచి 13 సెంటీమీటర్లు, బరువు 60 నుంచి 100 గ్రాముల దాకా ఉంటుంది. తోక ఒంటికన్నా కొంచెం పొట్టిగా, మొదలు నుంచి చివర దాకా బొచ్చుతో ఉంటుంది. వెనక కాళ్ల అరికాళ్లకు కూడా బొచ్చుంటుంది. మన చెలక జెర్బిల్ అంతకన్నా పెద్దది, పొట్ట తెల్లగా ఉంటుంది, తోక ఒంటంత పొడవు లేదా ఇంకా ఎక్కువ, అరికాళ్లు బోడిగా ఉంటాయి. చేతికి మందపాటి తొడుగు లేకుండా ఇవన్నీ తిప్పి చూడొద్దు. గాజు పెట్టెలో ఉంచి కింది నుంచి చూస్తే అరికాళ్లు కనిపిస్తాయి. చెలకదని తేలితే పట్టుకొచ్చిన చోటే, సాయంత్రం చల్లబడ్డాక, వదిలిపెట్టి రండి. కరిచి ఉంటే గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీళ్లతో చాలాసేపు కడిగి దవాఖానకు వెళ్లి చూపించండి.

2. "అమ్మినోడు చెప్పిండు గదా, రెండు నెలల ఆడపిల్ల"

అమ్మినవాళ్లు చెప్పింది నిజమే కావచ్చు, కాకపోనూవచ్చు. చూసి తెలుసుకునే వీలున్న విషయాన్ని మాట మీద వదిలేయకూడదు.

ఆడ మగ తేడా చూడాలంటే జంతువును గాజు గిన్నెలో ఉంచి కింది నుంచి చూడండి. తోక మొదట్లో ఉండే రెండు రంధ్రాల మధ్య ఎడం మగదానికి ఎక్కువ, ఆడదానికి అందులో సగం. ఎదిగిన మగదానికి తోక మొదట్లో ఉబ్బు స్పష్టంగా కనిపిస్తుంది. ఇంత చిన్న పరీక్ష చేయకుండా "రెండూ ఆడవే" అన్న మాట నమ్మితే ఏమవుతుందో లెక్క చూడండి. చూలు 24 నుంచి 26 రోజులు. కాన్పుకు నాలుగైదు పిల్లలు. ఈనిన కొద్ది గంటలకే ఆడది మళ్లీ చూలు కట్టగలదు. పిల్లలు మూడు నెలలకు అటూఇటూగా ఈడుకొస్తాయి. ఒక జోడు ఏడాది తిరిగేలోపు ఇల్లు నింపేస్తుంది, ఆ పిల్లలకు ఇళ్లు వెతకలేక మళ్లీ ఎవరికో పుట్టుపూర్వాలు చెప్పకుండా అంటగట్టాల్సి వస్తుంది.

ఒంటరిగా వచ్చిన ఆడ జెర్బిల్ అయినా సరే, మొదటి నెల చూలుతో ఉన్నట్టే చూసుకోండి. గూడు కదిలించొద్దు, గూటికి కావాల్సిన మెత్తటి కాగితం అందుబాటులో ఉంచండి. నెల గడిచి పిల్లలు పుట్టకపోతే ఆ అనుమానం చాలావరకు తీరినట్టే.

వయసు కచ్చితంగా చెప్పడం పశువైద్యుడికి కూడా కష్టమే. జెర్బిల్ మామూలుగా మూడు నుంచి నాలుగేళ్లు బతుకుతుంది. బొచ్చు నిగనిగలాడుతూ, కళ్లు మెరుస్తూ, చురుగ్గా తవ్వుతూ ఉంటే ముందు చాలా కాలం ఉందనుకోవచ్చు. వెన్ను వంగి, వెనక భాగం సన్నబడి, నడక మందగిస్తే వయసు మళ్లినట్టు.

దుకాణంలో కొంటున్నవాళ్లకు ఒక హక్కుంది. 2018లో కేంద్రం తెచ్చిన పెట్ షాప్ నిబంధనల్లో కుక్కలు, పిల్లులతో పాటు కుందేళ్లు, గినీ పిగ్‌లు, హామ్‌స్టర్‌లు, ఎలుక జాతి జంతువులు కూడా ఉన్నాయి. దుకాణం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, జంతువుల లెక్కలు రాసిపెట్టాలి. ఎక్కడి నుంచి తెచ్చారని అడగండి, రశీదు తీసుకోండి. అడిగేవాళ్లు పెరిగితేనే రాసిపెట్టేవాళ్లూ పెరుగుతారు.

3. "ఒక్కతే బెంగటిల్లుతది అక్కా, ఇయ్యాల్నే జోడు తెచ్చి ఏసెయ్"

జెర్బిల్ గుంపు జంతువన్నది నిజం. ఒంటరిగా బతకడం దానికి బాధే. అందుకే ఈ సలహా వినడానికి ఎంతో దయగా ఉంటుంది, చేసే హాని కూడా అంతే ఎక్కువ. జెర్బిల్ గుంపుకు వాసనే ఆధారం. తన గుంపు వాసన లేని జెర్బిల్ తన నేల మీదికి వచ్చిందంటే దానికి శత్రువే. ఎదిగిన రెండు జెర్బిల్స్‌ను ఒక్క పెట్టెలో వేస్తే తెల్లారేసరికి ఒకటి చచ్చి ఉండొచ్చు. కొట్లాటల్లో గాయాలు ఎక్కువగా తోక మొదట్లో, వెనక భాగం మీద, మెడ మీద కనిపిస్తాయి. రెండు ఆడవైనా ఇంతే, ఆడా మగా అయినా ఇంతే.

ముందు వేరు గది. పుట్టుపూర్వాలు తెలియని జంతువును కనీసం మూడు వారాలు పాత జంతువులకు దూరంగా ఉంచండి. టిజర్ జబ్బు అని ఒకటుంది, జెర్బిల్స్‌ను కొద్ది రోజుల్లోనే చంపే బాక్టీరియా జబ్బు. ప్రయాణం, ఆకలి, ఇరుకుతనం వల్ల నీరసించిన జంతువుల్లో బయటపడుతుంది. పాతదానికి మేత పెట్టాక కొత్తదాని దగ్గరికి వెళ్లండి, ఆ వరస తప్పొద్దు. మధ్యలో చేతులు సబ్బుతో కడగండి.

ఆ గడువు దాటాక జల్లెడ గోడ పద్ధతి. ఒకే గాజు పెట్టెను సన్నకన్ను ఇనుప జాలీతో నిలువునా రెండు చేయండి. జాలీ అంచులు పట్టుగా ఉండాలి, పళ్లతో పీకితే రాకూడదు. అటొకటి ఇటొకటి వదలండి. రోజుకు రెండు మూడుసార్లు వాటిని అటుదిటు మార్చండి. ఒకదాని వాసనలో రెండోది పడుకుంటుంది, తవ్వుతుంది, తింటుంది. మొదటి రోజుల్లో జాలీని కొరుకుతూ, రొమ్ము ఉబ్బించి నిలబడతాయి. వారం, పది రోజులకు జాలీకి చెరోపక్క ఆనుకుని పడుకుంటే అప్పుడు జాలీ తీసే ఆలోచన చేయండి, అదీ మీరు రోజంతా ఇంట్లో ఉండే నాడు, మందపాటి తొడుగు పక్కనే పెట్టుకుని. ఒకటి రెండోదాని ఒళ్లు నాకి దువ్వడం మొదలైతే స్నేహం కుదిరినట్టు. గుండ్రంగా బంతిలా కలబడి దొర్లితే వెంటనే విడదీయండి.

కొన్ని జంతువులు ఎన్నటికీ కలవవు, ముఖ్యంగా వయసు మళ్లినవి, ముందు కొట్లాటల్లో దెబ్బలు తిన్నవి. అట్లాంటిదాన్ని ఒంటరిగానే ఉంచి, మీరు ఎక్కువ సమయం ఇవ్వండి.

4. "గింత జంతువుకు పిట్టల పంజరం సాలు"

పిట్టల పంజరంలో జెర్బిల్‌కు ముఖ్యంగా లేనిది నేల. తవ్వడం దానికి ఆటవిడుపు కాదు, బతుకు. మంగోలియా మైదానాల్లో చలికాలం గడ్డకట్టే చలి, వేసవిలో ఎండ. రెండింటి నుంచీ తప్పించుకునేది సొరంగాల్లోనే. తవ్వే వీలు లేని జెర్బిల్ పంజరం మూలన నిలబడి, అదే చోట, ఆపకుండా, గంటల తరబడి గోకుతూ ఉంటుంది. చూసేవాళ్లు "ఎంత హుషారుగా ఉందో" అనుకుంటారు. స్విట్జర్లాండ్ పరిశోధకుడు క్రిస్టోఫ్ వీడెన్‌మాయర్ 1997లో ప్రచురించిన అధ్యయనంలో ఆ గోకుడు ఎందుకొస్తుందో తేల్చారు. తవ్వడానికి ఇసుక ఒక్కటే ఇచ్చినంత మాత్రాన అది ఆగలేదు. సొరంగం లాంటి దారి, దాని చివర చీకటి గది ఉన్న చోట పెరిగిన పిల్లల్లో ఆ అలవాటు పుట్టలేదు. జెర్బిల్ వెతుకుతున్నది చీకటి గదిని.

మీకు వచ్చిన జెర్బిల్ ఇప్పటికే మూలన గోకుతుంటే, అది ఇన్నాళ్లూ ఎట్లాంటి చోట ఉందో అదే మీకు చెబుతున్నట్టు. పుట్టుపూర్వాల్లో ఒక పేజీ దొరికింది.

పాత చేపల తొట్టి మంచి ఇల్లవుతుంది. రెండున్నర అడుగుల పొడవుకు తగ్గకుండా, పైన ఇనుప జాలీ మూతతో చూసుకోండి. లోపల జానెడు మందం పరుపు పోయండి, ఒక పక్క ఇంకా ఎత్తుగా. అట్ట గొట్టాలు, వాటి చివర తలకిందులు చేసిన చిన్న మట్టి పిడత, దానికి జెర్బిల్ దూరేంత కన్నం. చీకటి గది సిద్ధం.

పరుపు విషయంలో మన ఊళ్లో దొరికేవన్నీ పనికిరావు. కోత మిషను దగ్గరి రంపపు పొట్టు సన్నటి దుమ్ము, ఊపిరికి చేటు. పల్లి పొట్టు జడ్చర్లలోని బాదేపల్లి మార్కెట్ చుట్టుపక్కల సులువుగా దొరుకుతుంది, కానీ తేమ తగిలితే బూజు పడుతుంది. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని తినేస్తుంది. చీలికలు చేసిన అచ్చు లేని కాగితం, శుభ్రమైన ఎండు గడ్డి కలిపి పోస్తే సొరంగం కూలకుండా నిలబడుతుంది. గూట్లోకి దూది, దారపు పోగులు ఇవ్వకండి. కాళ్లకు చుట్టుకుని రక్తం ఆడక కాలు పోతుంది. తిరిగే చక్రం పెడితే గట్టి అడుగున్నది పెట్టండి. తీగల చక్రంలో తోక, కాలు ఇరుక్కుంటాయి.

5. "ఎడారి జంతువు, ఎండకు ఏంగాదు, నీళ్లు గూడ ఒద్దు"

మన ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల కప్పు కింద గది అంతకన్నా మండుతుంది. మిగతా చిట్టి జంతువుల కన్నా జెర్బిల్ వేడిని కాస్త బాగానే ఓర్చుకుంటుంది, కానీ ఎడారి జంతువు ఎండ మండే వేళ బయట తిరగదు, భూమి లోపలికి పోతుంది. గాజు తొట్టిలో దానికి పోవడానికి భూమి లేదు. ఎండ పొడ తగిలే కిటికీ పక్కన తొట్టి పెడితే ఒక్క మధ్యాహ్నం చాలు, ప్రాణం పోవడానికి.

మార్చి నుంచి జూన్ దాకా తొట్టిని ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదిలో, నేల మీద పెట్టండి. 30 డిగ్రీల లోపు ఉంచగలిగితే మంచిది. లోపల ఒక నాపరాయి ముక్క లేదా మట్టి పిడత ఉంచితే దానికి ఆనుకుని పడుకుంటుంది. బాటిల్‌లో గడ్డకట్టిన నీళ్లను గుడ్డలో చుట్టి తొట్టి బయట గోడకు ఆనించవచ్చు. నీళ్ల కూలర్ గాలి నేరుగా తొట్టి మీదికి తిప్పొద్దు. గాలిలో తేమ సగానికి మించితే జెర్బిల్ బొచ్చు నూనె రాసినట్టు అతుక్కుని రేగిపోతుంది. అదే కష్టం వానాకాలంలోనూ వస్తుంది. దానికి మందు ఇసుక స్నానం. వాగు ఇసుకను జల్లించి, కడిగి, మూకుట్లో వేయించి చల్లార్చి, వెడల్పు గిన్నెలో పోసి రోజుకు కాసేపు పెట్టండి. రాళ్లు పగలగొట్టి చేసిన ఎం-శాండ్ వద్దు, అందులోని దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. నీళ్లతో స్నానం అసలే వద్దు.

నీళ్లు తప్పకుండా ఉండాలి. తొట్టికి వేలాడదీసే బాటిల్ కొన వేలితో నొక్కి చూడండి, గోలీ బిగుసుకుపోయి చుక్క రాకపోవడం తరచూ జరుగుతుంది. మీ దగ్గరికి వచ్చిన జెర్బిల్ ఇంతకుముందు గిన్నెలో తాగిందో బాటిల్‌తో తాగిందో మీకు తెలియదు. మొదటి రెండు మూడు రోజులు బాటిల్‌తో పాటు చిన్న దోసకాయ ముక్క కూడా పెట్టండి. సాయంత్రం బాటిల్ మీద పెన్నుతో గీత పెట్టి, పొద్దున నీళ్లు ఆ గీత కన్నా దిగాయో లేదో చూడండి.

6. "మన బాదేపల్లి పల్లీలు దండిగ పెట్టు, బలమొస్తది"

పల్లీ, పొద్దుతిరుగుడు గింజ జెర్బిల్‌కు మహా ఇష్టం. ఎదురుగా పెడితే మిగతావన్నీ వదిలి అవే తింటుంది. కొవ్వు పెరుగుతుంది, కాల్షియం తగ్గుతుంది. ఇష్టంగా తింటోంది కాబట్టి ఒంటికి మంచిదే అనుకోవడం దగ్గరే ఈ సలహా దారి తప్పింది. పల్లీలు రోజూ కాదు, వారంలో రెండు మూడుసార్లు, ఒక గింజ, అదీ మచ్చిక కోసం మీ చేతి నుంచి. ముడతలు పడినవి, నల్లబడినవి, బూజు వాసన వచ్చేవి వద్దే వద్దు.

రోజుకు దాని మేత ఎనిమిది నుంచి పది గ్రాములు. ఈ విషయంలో మన నేల అదృష్టం చేసుకుంది. జొన్నలు, కొర్రలు, సజ్జలు ఇక్కడి పంటలే, జెర్బిల్ పుట్టిన గడ్డి మైదానాల్లో తిన్న చిన్న గింజలకు దగ్గరివే. వాటి మిశ్రమమే అసలు మేత కావాలి. వారంలో ఒకటి రెండుసార్లు ఉడికిన గుడ్డు తెల్లసొన చిటికెడు, లేదా నానబెట్టిన పెసలు కొన్ని. గింజలు గిన్నెలో పోయకుండా పరుపు మీద చల్లండి, వెతుక్కుని తినడం దానికి పని, ఆనందం.

కొత్త జంతువుకు పాత మేత ఏదో తెలియదు కాబట్టి ఒక్కసారిగా పచ్చి కూరలు గుమ్మరించొద్దు, విరేచనాలు పట్టుకుంటాయి. మొదటి రోజుల్లో నీళ్ల కోసం పెట్టే ఆ చిన్న దోసకాయ ముక్క తప్ప, వారం రోజులు పొడి గింజలే.

పొలం ఉన్న ఇళ్లలో మరో జాగ్రత్త. ఆముదాలు పాలమూరులో పాత పంట. ఆముదపు గింజలో రైసిన్ అనే విషం ఉంది, అది జెర్బిల్‌కే కాదు పిల్లలకూ ప్రాణాంతకం. పత్తి గింజలు కూడా వద్దు. విత్తడానికి మందు పట్టించిన రంగు గింజలు పొరపాటున కూడా మేతలో కలవకూడదు. మేత డబ్బాను విత్తనాల సంచుల దగ్గర ఉంచకండి.

7. "తోక పట్టి లేపు, ఏంగాదు"

అన్ని సలహాల్లోకీ ఇదే వెంటనే ఆపాల్సింది. జెర్బిల్ తోక మీది చర్మం వదులుగా ఉంటుంది. గుడ్లగూబ, పాము తోక పట్టుకుంటే చర్మం వదిలేసి పారిపోవడానికి ప్రకృతి ఇచ్చిన ఉపాయం అది. మీరు తోక చివర పట్టి ఎత్తితే చర్మం తొడుగులా ఊడి మీ వేళ్ల మధ్య మిగులుతుంది. లోపలి ఎముక ఎండి రాలిపోతుంది, లేదా వైద్యుడు కోసేయాలి. తోక మళ్లీ పెరగదు. మీకు వచ్చిన జెర్బిల్‌కు ఇప్పటికే తోక సగమే ఉంటే ఎవరో అట్లా ఎత్తారనుకోవచ్చు. దానికి మనిషి చెయ్యంటే ఎంత భయం ఉంటుందో ఆలోచించండి.

మచ్చిక చేయడానికి ఓపికే దారి. మొదటి రెండు మూడు రోజులు తాకొద్దు, తొట్టి పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడండి. తర్వాత అరచేతిలో రెండు గింజలు పెట్టుకుని చెయ్యిని పరుపు మీద కదలకుండా ఉంచండి. పై నుంచి చెయ్యి దింపొద్దు, ఆకాశం నుంచి వచ్చేది దానికి గద్దే. పక్క నుంచి నేల మీదుగా రానివ్వండి. మొదట వేళ్లు వాసన చూస్తుంది, మెల్లగా పంటితో తాకి చూస్తుంది, ఒక గింజ లాక్కుని మూలకు పారిపోతుంది. వెనక కాళ్లతో నేలను టపటపా కొడితే భయపడుతోందని, గుంపును హెచ్చరిస్తోందని అర్థం. అప్పుడు చెయ్యి మెల్లగా వెనక్కు తీసుకోండి. ఎత్తాల్సి వస్తే ఒక కప్పును అడ్డంగా పెట్టి అందులోకి నడవనివ్వండి, లేదా రెండు అరచేతులు దొప్పలా చేసి ఒళ్లంతా కింది నుంచి ఎత్తండి.

8. "ఫిట్సొస్తే తాళంచెవి పెట్టు, నోట్లె నీళ్లు పొయ్యి"

మంగోలియా జెర్బిల్స్‌లో కొన్ని వంశాలకు మూర్ఛ పుట్టుకతో వస్తుంది. అది వంశపారంపర్యంగా దిగుతుంది. కొత్త చోటు, గట్టి చప్పుడు, ఒక్కసారిగా పట్టుకోవడం, ఇవి దాన్ని రేపుతాయి. చెవులు, మీసాలు అదరడం దగ్గర మొదలై, ఒళ్లు బిగుసుకోవడం దాకా పోవచ్చు. చాలామటుకు ఒకటి రెండు నిమిషాల్లో తగ్గుతుంది, ఆ తర్వాత జంతువు మామూలైపోతుంది. నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంది. ఇనుము పెట్టినందువల్ల ఒరిగేదేం లేదు. చేయాల్సిందల్లా లైటు ఆర్పి, గది నిశ్శబ్దం చేసి, ముట్టుకోకుండా ఉండటం. మళ్లీ మళ్లీ వస్తుంటే ఎప్పుడు, దేని తర్వాత వచ్చిందో రాసి వైద్యుడికి చూపించండి. అట్లాంటి జెర్బిల్‌ను పిల్లలు పెట్టనివ్వకండి.

9. "పొట్ట మీద పుండుంది, పసుపు రాయి, ఇంట్ల మిగిలిన గోలీ నూరి తాపియ్"

జెర్బిల్ పొట్ట మధ్యలో బొచ్చు లేని, కోలగా ఉన్న పసుపుపచ్చ మచ్చ కనిపిస్తుంది. అది పుండు కాదు, వాసన గ్రంథి. నేలకు పొట్ట రుద్ది తన హద్దులు గుర్తు పెట్టుకుంటుంది. ఎదిగిన మగవాటికి ఇంకా పెద్దగా ఉంటుంది. దాని మీద ఏదీ రాయొద్దు. ఉబ్బి, రక్తం చిమ్మి, పక్కు కడితే మాత్రం చూపించాలి. వయసు మళ్లినవాటికి ఆ చోట కణితి రావడం మామూలే.

ముక్కు చుట్టూ ఎర్రగా కనిపిస్తే అందరూ రక్తం అనుకుంటారు. చాలాసార్లు అది కంటి వెనక గ్రంథి నుంచి వచ్చే ఎర్రటి స్రావం. ఒత్తిడి, తేమ, ఇనుప చువ్వలు కొరకడం దాని వెనక కారణాలు. ముందు ఇల్లు సరిచేయండి.

మనుషుల మందులు ఇవ్వడం ప్రాణం మీదికి తెస్తుంది. పెన్సిలిన్ కుటుంబపు గోలీలు జెర్బిల్ పేగుల్లోని మేలు చేసే బాక్టీరియాను చంపి, చెడు బాక్టీరియా పెరిగేట్టు చేస్తాయి. స్ట్రెప్టోమైసిన్ రకం మందు జెర్బిల్‌కు నేరుగా విషమే. ఊరి పశువుల దవాఖానలో వైద్యులు గేదెలు, గొర్రెలు, మేకలతో తీరిక లేకుండా ఉంటారు, చిట్టి జంతువుల అనుభవం అందరికీ ఉండకపోవచ్చు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, నగరంలో చిట్టి జంతువులు చూసే వైద్యులూ ఉన్నారు. అవసరం పడకముందే ఎవరు చూస్తారో ఫోన్ చేసి కనుక్కుని నంబరు రాసుకోండి. తీసుకెళ్లాల్సి వస్తే పొద్దున్నే చల్లపూట, గాలి ఆడే పెట్టెలో దాని పాత పరుపు కొంత వేసి తీసుకెళ్లండి. ఆ వాసన ఉంటే భయం తగ్గుతుంది.

10. "ఒద్దనిపిస్తే చెరువు గట్టున ఇడిసెయ్యి, అదే బతుకుతది"

పెంపుడు జెర్బిల్‌కు మన పిల్లులు, పాములు, గద్దల సంగతి తెలియదు, నీళ్ల జాడ తెలియదు. ఆకలి దప్పులతో చచ్చేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం. ఒకవేళ బతికితే అదీ సమస్యే. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం జెర్బిల్స్‌ను పెంచుకోవడాన్నే నిషేధించింది. తప్పించుకున్నవి ఆ ఎండు నేలల్లో స్థిరపడి పంటలకు, అక్కడి జంతువులకు చేటు చేస్తాయని భయం. మనదీ ఎండు నేలే, గింజ పంటల నేలే.

పెంచలేని పరిస్థితి వస్తే మరో ఇల్లు వెతకండి, ఓపిగ్గా వెతకండి. ఇచ్చేటప్పుడు మీకు దొరకనిదాన్ని తీసుకునేవాళ్లకు ఇవ్వండి: ఒక నోట్‌బుక్. జెర్బిల్ వచ్చిన రోజే అది మొదలు కావాలి. వంటింటి తూకం మీద గిన్నె పెట్టి వారానికోసారి తూచి బరువు రాయండి, వరసగా రెండు వారాలు తగ్గితే అదే మొదటి హెచ్చరిక. ఏ మేత తిన్నది, ఏది వదిలింది, ఫిట్స్ ఎప్పుడొచ్చాయి, ఏ మందు పడింది, ఏ చెయ్యికి దగ్గరైంది, జోడు ఉంటే ఎప్పుడు కలిసింది, ఆడదా మగదా. ఒక్కో వారానికి రెండు మూడు వాక్యాలు చాలు. మీ దాకా వచ్చేసరికి పుట్టుపూర్వాలు తెలియని ఆ జంతువు మీ ఇంటి నుంచి ఎక్కడికి పోయినా, ఎవరి చేతుల్లో ఉన్నా, "దీని సంగతి మాకేం తెలియదు" అనే మాట మళ్లీ ఎవరూ అనాల్సిన పని ఉండదు.